ఏ ఓఎస్ వేసుకోవాలక్కా? కంప్యూటర్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు నా సలహా

పోయిన ఆదివారం సాయంత్రం చంద్రగిరి నుంచి ఒకామె కొడుకుని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. అబ్బాయి ఈ ఏడాదే డిగ్రీలో చేరాడు. గుడ్డ సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. వాళ్ల పెదనాన్న కొడుకు కొన్నేళ్లు వాడి, కొత్తది కొనుక్కున్నాక ఇచ్చేసింది. "అక్కా, దీంట్లో కాలీ లినక్స్ వేసియ్యండి. హ్యాకింగ్ నేర్చుకోవాల" అన్నాడు. వాళ్లమ్మ మాత్రం, "అదేందో నాకు తెలీదు మేడమ్. మా ఫోన్లో ఫోటోలన్నీ దీంట్లోకే ఎక్కించుండాము. అవి మాత్రం పోకూడదు" అనింది.

ఆ సాయంత్రం వాళ్లిద్దరికీ కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే ఏ ఓఎస్ వేసుకోవాలని నన్ను అడగని వారం లేదు. ఓఎస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, కంప్యూటర్ మొత్తాన్ని నడిపించే మూల ప్రోగ్రామ్. విండోస్ ఒకటి, లినక్స్ ఇంకొకటి. కాలీ అనేది లినక్స్‌లోనే ఒక రకం.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి ముందు గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టుకొని సాయంత్రం పూట పిల్లలకు నేర్పుతాను. అంతకుముందు లీలామహల్ దగ్గర ఒక డీటీపీ షాపులో తొమ్మిదేళ్లు పనిచేశాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు, అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. అంటే విండోస్ నాకు అన్నం పెట్టిన సిస్టమ్. లినక్స్ తర్వాత పట్టుకున్నాను, అదీ ఎవరూ చెప్పకుండా, చాలా తప్పులు చేసి. రెండింటి మీదా నాకు గౌరవం ఉంది కాబట్టే, ఒకటి గొప్ప, ఇంకొకటి దండగ అని చెప్పను. మీరు ఏం నేర్చుకోవాలి, మీ చేతిలో ఉన్న మిషన్ ఏది, దాన్ని చెడగొడితే మీకు నష్టం ఎంత. ఈ మూడూ తేలితే ఓఎస్ దానంతటదే తేలుతుంది. మూడోదాన్ని ఎవరూ అడగరు. నాకు అదే అన్నిటికంటే ముఖ్యం.

ఏం నేర్చుకోవాలని?

"కంప్యూటర్ నేర్చుకోవాలి" అని వచ్చేవాళ్లలో సగం మందికి నిజానికి కావలసింది ఉద్యోగం. గాంధీ రోడ్డులో బట్టల షాపు లెక్కలు చూడాలి, ఆడిటర్ దగ్గర ట్యాలీ ఎంట్రీలు వేయాలి, డీటీపీ షాపులో కూర్చోవాలి. వీళ్లకు నేను రెండో మాట లేకుండా విండోస్ చెబుతాను. ట్యాలీ, పేజ్‌మేకర్, అను ఇవన్నీ మన షాపుల్లో నడిచేది విండోస్ మీదే. లినక్స్‌లో వీటిని ఎలాగోలా నడిపించే దారులు ఉన్నాయి గానీ, వచ్చే నెల పనిలో చేరాల్సిన మనిషి ఆ దారుల్లో తిరగకూడదు. ఎక్సెల్ బాగా పట్టు చిక్కేదాకా ఓఎస్ గురించి ఆలోచించనే వద్దు.

ఐఫోన్‌కు యాప్‌లు రాయాలన్నవాళ్లకు మ్యాక్ తప్పదు, ఎందుకంటే ఆపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ మ్యాక్‌లోనే నడుస్తుంది. కానీ ఆ ఒక్క ఆశతో అప్పు చేసి మ్యాక్ కొనకండి. ముందు ఉన్న కంప్యూటర్‌లో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టండి, కొనాలో వద్దో ఏడాది తర్వాత మీకే తెలుస్తుంది.

ప్రోగ్రామింగ్, డేటా, వెబ్‌సైట్లు, సర్వర్లు, నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ. వీటి వైపు వెళ్లాలనుకునేవాళ్లకు, అంతకంటే ముఖ్యంగా అసలు కంప్యూటర్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలని ఉన్నవాళ్లకు, లినక్స్ నేర్చుకోమంటాను. దాని పుట్టుకే అలాంటిది. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, కొత్తగా కొన్న 386 కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాడు. ఆయన ముందు అప్పటికే మినిక్స్ ఉంది. ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసర్ విద్యార్థులకు పాఠం చెప్పడానికే 1987లో తయారుచేసిన సిస్టమ్ అది. ఆ ఏడాది ఆగస్టు 25న టోర్వాల్డ్స్ తను చేస్తున్న పని సంగతి నలుగురికీ చెప్పాడు. నేర్చుకుందామని మొదలైన ఆ పని ఈరోజు మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉంది. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నిటిలోనూ అదే ఉంది. మా ముందు గదిలో ఆరింటిలో ఐదు కంప్యూటర్లు దాని మీదే నడుస్తాయి. ఆరోదాంట్లో విండోస్, ట్యాలీ పిల్లల కోసం.

ఇక ఆ అబ్బాయి అడిగిన కాలీ. కాలీ మంచిదే, కానీ అది సెక్యూరిటీ పని తెలిసినవాళ్ల టూల్‌కిట్. లినక్స్ కొత్తవాళ్లకు ఇది తగదని దాన్ని తయారుచేసేవాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో రాసుకున్నారు. పక్కింటి వైఫై మీద ప్రయత్నం చేద్దామని ఉబలాటం ఉంటే ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. అనుమతి లేకుండా వేరేవాళ్ల సిస్టమ్‌లోకి దూరితే 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఆ మాట చెప్పగానే వాళ్లమ్మ కొడుకు వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. సెక్యూరిటీ నేర్చుకోవాలనే కోరిక మంచిది. ఆ కోరికను చంపొద్దని ఆమెకు, ముందు మామూలు లినక్స్ ఒక ఏడాది వాడమని అబ్బాయికి చెప్పాను.

మిషన్‌ను చదవడం

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ మీద నొక్కితే ప్రాసెసర్ పేరు, ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ) ఎంత, డిస్క్ హెచ్‌డీడీనా (లోపల తిరిగే పాత రకం) ఎస్‌ఎస్‌డీనా (వేగంగా నడిచే కొత్త రకం) అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఒక కాగితం మీద రాసుకోండి. షాపువాళ్లు చెప్పింది నమ్మొద్దని కాదు, ఇది మీ చేతికి తెలియాలి.

ప్రాసెసర్ పేరులో నంబర్ ఉంటుంది చూడండి, దాన్ని చదవడం నేర్చుకుంటే చాలా అనుమానాలు తీరతాయి. ఇంటెల్ ఐ5-8250యు అని ఉంటే గీత తర్వాతి మొదటి అంకె 8, అంటే ఎనిమిదో తరం. ఐ3-4130 అయితే నాలుగో తరం. ఐ5-1135జీ7 అయితే మొదటి రెండు అంకెలు కలిపి పదకొండో తరం. ఐ7-10510యు పదో తరం. చంద్రగిరి అబ్బాయి లాప్‌టాప్ మీద ఐ3-7020యు అని ఉంది. "ఏడో తరం అక్కా" అని వాడే చెప్పాడు, చెప్పి సంతోషపడ్డాడు.

ఈ లెక్క ఎందుకంటే, విండోస్ 11కు ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి. టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కూడా కావాలి. ఏఎమ్‌డీ అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రామ్ వేసి చూసుకోవడం సులువు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌కు పేరు నమోదు చేసుకున్న ఇళ్లలోని కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, అంతే. కాబట్టి ఏడో తరం, అంతకంటే పాత మిషన్ ఉన్నవాళ్లు ఈ నిర్ణయం వాయిదా వేయకుండా తీసుకోవాలి.

ఈ చెకింగ్‌ను తప్పించి పాత మిషన్‌లోనే విండోస్ 11 వేసిస్తామని, లైసెన్స్ కొనకుండా క్రాక్‌తో యాక్టివేట్ చేసిస్తామని చెప్పేవాళ్లు ఉంటారు. మా వీధిలో ఒకమ్మాయి ఫైనలియర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ అలాగే పోయింది. క్రాక్ పనిచేయడానికి విండోస్‌లో వైరస్‌లను ఆపే డిఫెండర్‌ను ఆపేయమన్నారట. పదిహేను రోజులకు డాక్యుమెంట్లన్నిటి పేర్లూ మారిపోయి, డబ్బు కట్టమని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది. సబ్మిట్ చేయడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆ పిల్ల మా ఇంట్లో కూర్చొని మళ్లీ మొదటి పేజీ నుంచి టైప్ చేసింది. డబ్బు పెట్టే స్తోమత లేకపోవడం తప్పు కాదు. ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే మంచి సిస్టమ్ ఉండగా ఆ ప్రమాదం నెత్తిన వేసుకోవడమే నాకు బాధ.

ఇంకొక్క మాట. డిస్క్ హెచ్‌డీడీ అని ఉంటే, ఓఎస్ మార్చడానికి ముందు ఒక ఎస్‌ఎస్‌డీ గురించి ఆలోచించండి. 256 జీబీది చాలు. పాత కంప్యూటర్‌కు దాని వల్ల వచ్చే వేగం ఏ ఓఎస్ మార్చినా రాదు.

నేను ఏది వేస్తానంటే

లినక్స్ మింట్. మొదటిసారి వాడేవాళ్లకు పదేళ్లుగా ఇదే వేస్తున్నాను. 2006 నుంచి వస్తోంది, ఉబుంటు మీద ఆధారపడి తయారవుతుంది. ఇప్పుడున్న 22 సిరీస్‌కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మీ డిగ్రీ అయిపోయేదాకా మళ్లీ మార్చే పని లేదు. సినమన్ అనే రకం చూడ్డానికి పాత విండోస్‌లా ఉంటుంది. కింద ఎడమవైపు మెనూ, కుడివైపు టైమ్, వైఫై గుర్తు. మా అత్తయ్య దాంట్లో ఫైర్‌ఫాక్స్ తెరిచి తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు బుక్ చేసుకుంటుంది. అది లినక్స్ అని ఆమెకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ తీసుకోండి. 4 జీబీనే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం తీసుకోండి.

ఉబుంటు కూడా మంచిదే. 2004 నుంచి ఉంది, సరి సంఖ్య ఏడాదుల్లో ఏప్రిల్ నెలలో దీర్ఘకాలం నడిచే ఎల్‌టీఎస్ వస్తుంది. కాలేజీలో అదే నేర్పుతుంటే అదే వేసుకోండి, ఇంట్లో ఒకటి, ల్యాబ్‌లో ఒకటి అయితే మొదట్లో తికమక. ఫెడోరా, ఆర్చ్ లాంటివి తర్వాత చూడొచ్చు. ఆర్చ్ అయితే ఒక్కో ముక్కా మీ చేత్తో పేర్చుకోవాలి. ఎంతో నేర్పుతుంది, కానీ మొదటి నెలలో కాదు. మన దేశంలో ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్లు తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది, తెలుగులో కంప్యూటర్ కోసం స్వేచ్ఛ సంస్థ చేసిన కృషి ఉంది. వాటి గురించి కూడా పిల్లలకు చెబుతాను, ఇదంతా ఎక్కడో వేరే దేశంలో మాత్రమే జరిగే పని అనుకోకూడదని.

ముందు పెన్‌డ్రైవ్ మీద

వేసెయ్యకండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి చూడండి. దీన్ని లైవ్ అంటారు. మీ డిస్క్ జోలికి పోకుండా, పెన్‌డ్రైవ్ మీద నుంచే లినక్స్ పూర్తిగా తెరుచుకుంటుంది. తీసేస్తే మీ విండోస్ మీకు ఉన్నట్టే ఉంటుంది. కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, మీరు చేసిన మార్పులు ఆఫ్ చేయగానే పోతాయి. పరిచయానికి అది చాలు.

మింట్ సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్, అంటే మింట్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది, దించుకోవాలి. దాదాపు 3 జీబీ ఉంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్న ఫోన్‌తో ఒక్కరోజులో అది దిగదు. మామూలుగా మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి దించుకోవాల్సి రావచ్చు. అందుకే టొరెంట్‌తో దించండి. సైట్‌లోనే టొరెంట్ ఫైల్ ఇస్తారు, ఇది పూర్తిగా చట్టబద్ధమే. ఆగినచోటి నుంచే మర్నాడు మళ్లీ మొదలవుతుంది. దిగాక చెక్‌సమ్ సరిచూడండి. ఫైల్‌కు 64 అక్షరాల కోడ్ ఒకటి సైట్‌లో ఉంటుంది, మీ ఫైల్‌ది దానితో అచ్చంగా సరిపోవాలి. ఇది విసుగనిపించే పని, నాకు తెలుసు. కానీ ఒకసారి సగం పాడైన ఫైల్‌తో ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోయి రాత్రి పదకొండు దాకా కూర్చున్నాక, నేను ఆ పని ఎన్నడూ వదల్లేదు.

తర్వాత 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ పెట్టి, రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో ఐఎస్‌ఓను దాని మీదికి రాయాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది, చూసుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, బ్రాండ్ పేరు కనిపించగానే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోలకు ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీకి ఎస్కేప్, ఆ తర్వాత ఎఫ్9. ఒకసారికి అందకపోతే మళ్లీ రీస్టార్ట్ చేసి, టకటకా నొక్కుతూ ఉండండి. మా పిల్లలందరికీ మొదటిరోజు రెండు మూడుసార్లు తప్పుతుంది.

తెరుచుకున్నాక బొమ్మలు చూసి మురిసిపోవడం కాదు, పరీక్ష పెట్టండి. వైఫై కనిపిస్తోందా? పాట పెడితే శబ్దం వస్తోందా? బ్రైట్‌నెస్ తగ్గుతోందా? కెమెరా? లాప్‌టాప్ మూత మూసి, తెరిస్తే మళ్లీ లేస్తోందా? కొన్ని లాప్‌టాప్‌లలో వైఫై కార్డును లినక్స్ వెంటనే గుర్తుపట్టదు. భయపడొద్దు. ఫోన్‌ను చార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వస్తుంది. వచ్చాక మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిస్తే చాలాసార్లు కావలసిన డ్రైవర్ (ఆ కార్డును నడిపించే ప్రోగ్రామ్) అదే చూపిస్తుంది.

పుత్తూరులో నేను చేసిన తప్పు

2013లో పుత్తూరులో మా మేనమామ ఇంట్లో డెస్క్‌టాప్‌కు లినక్స్ వేస్తానని కూర్చున్నాను. అప్పటికి నాలుగైదు కంప్యూటర్లకు వేసిన ధీమా ఉంది. ఇన్‌స్టాలర్ ఒకచోట అడుగుతుంది, విండోస్ పక్కన వేయాలా, డిస్క్ మొత్తం చెరిపి వేయాలా అని. ఆ రోజు పక్కన అనే ఆప్షన్ కనిపించలేదు. డిస్క్ సరిగా గుర్తుపట్టలేదేమో అని నేను ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు, ఉన్న ఆప్షన్ నొక్కేశాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. మా అవ్వ పోయే ముందు ఏడాది తీసిన ఫోటోలన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్ పెట్టి మూడు రాత్రులు కూర్చుంటే కొన్ని వచ్చాయి, ఫైళ్ల పేర్లు లేకుండా, వరుస లేకుండా. అవ్వ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్నది ఒక్కటి బాగా వచ్చింది. మిగతావి చాలావరకు సగం బూడిద రంగు. మామ నన్ను ఒక్క మాట అనలేదు.

అందుకే మొదటి పని కాపీ. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఫోటోలు, డాక్యుమెంట్లు, సర్టిఫికెట్ల స్కాన్లు కాపీ చేసి, ఆ డిస్క్‌ను తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి, అక్కడా ఇక్కడా పది ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే కాపీ అయినట్టు. ఇది కాకుండా నేను ఎవరి కంప్యూటర్ మీదా చెయ్యి వెయ్యను, ఎంత తొందరైనా సరే.

విండోస్ పక్కనే ఉంచుకోవాలంటే

మిషన్ కొత్తది, విండోస్ 11 ఉంది, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి అంటే మొదట డబ్ల్యూఎస్‌ఎల్ చాలు. విండోస్ లోపలే లినక్స్ టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, తెరిచే ఏర్పాటు ఇది, మైక్రోసాఫ్ట్ వాళ్లదే. ఒక్క కమాండ్‌తో ఉబుంటు దిగిపోతుంది, డిస్క్‌ను ముక్కలు చేసే పనే లేదు. పూర్తి లినక్స్ డెస్క్‌టాప్ చూడాలంటే, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్ వేసి దాంట్లో మింట్ పెట్టుకోవచ్చు. దానికి 8 జీబీ ర్యామ్ అయినా ఉండాలి. 4 జీబీతో ఆ ప్రయత్నం చేస్తే విండోస్, లినక్స్ రెండూ ఈడ్చుకుంటూ నడుస్తాయి.

రెండు ఓఎస్‌లూ ఒకే డిస్క్ మీద వేసుకోవడం డ్యుయల్ బూట్. కాపీ తీసుకున్నాక కూడా దీంట్లో మూడు చిక్కులు తెలుసుకొని దిగండి. మొదటిది బిట్‌లాకర్, డిస్క్‌కు విండోస్ వేసే తాళం. ఈమధ్య వచ్చే చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ ముందే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, మనకు తెలియను కూడా తెలియదు. బూట్ సెట్టింగ్స్ మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసుకోండి. రెండోది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. లేకపోతే విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయడం కుదరదు. మూడోది గడియారం. లినక్స్ నుంచి విండోస్‌కు మారగానే టైమ్ సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. లినక్స్ మదర్‌బోర్డులోని గడియారానికి గ్రీనిచ్ టైమ్ ఇస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ఉదయం తొమ్మిదికి మూడున్నర చూపించి ఒకమ్మాయిని ఆన్‌లైన్ టెస్ట్ రోజు ఎంత టెన్షన్ పెట్టిందో చెప్పలేను. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో మదర్‌బోర్డు గడియారాన్ని లోకల్ టైమ్‌లో ఉంచమంటే సరిపోతుంది.

తెలుగు సంగతి

డీటీపీ షాపు నుంచి తెచ్చిన తెలుగు ఫైల్ మింట్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. లినక్స్‌కు తెలుగు రాదనుకుంటారు. అది కాదు. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకొని నడుస్తాయి, ఆ ఫాంట్ లేకపోతే అసలు అక్షరాలే బయటపడతాయి. యూనికోడ్‌లో అయితే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబర్ ఉంది, 1991 నుంచీ ఉంది. మీరు కొత్తగా నేర్చుకుంటున్నారు కాబట్టి యూనికోడ్‌తోనే మొదలుపెట్టండి.

మింట్‌లో కీబోర్డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి తెలుగు లేఅవుట్ కలుపుకోండి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తిరుపతి అని రాయాలంటే ఎల్, ఎఫ్, జె, జి, హెచ్, ఎల్, ఎఫ్ నొక్కాలి. ఎల్ అంటే త, ఎఫ్ అంటే గుడి, జె అంటే ర, జి అంటే కొమ్ము, హెచ్ అంటే ప. గుణింతాలు ఎక్కువగా ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. అందుకే అలవాటైతే చేతులు తాళం వేసినట్టు నడుస్తాయి. పదిహేను రోజులు కష్టంగా ఉంటుంది. ఆ పదిహేను రోజులూ ఓర్చుకోండి.

మొదటి మూడు నెలలు

ఒకసారి వేశాక మూడు నెలలు మార్చకండి. ప్రతి ఆదివారం కొత్త లినక్స్ వేసుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లకు ఇన్‌స్టాల్ చేయడం ఒక్కటే బాగా వస్తుంది.

మొదటిరోజే టైమ్‌షిఫ్ట్ తెరిచి స్నాప్‌షాట్ తీయండి. మింట్‌తోపాటే వస్తుంది. సిస్టమ్ ఫైళ్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో దాచిపెడుతుంది, చెడిపోతే అక్కడికి వెనక్కి తెస్తుంది. మామూలుగా మీ ఫోటోలను, డాక్యుమెంట్లను మాత్రం అది దాచదు. వాటికి ఎక్స్‌టర్నల్ డిస్కే.

పాకాల నుంచి రైల్లో వచ్చి నేర్చుకునే అమ్మాయి ఒకరోజు ఒక ఫోల్డర్ తెరవబోతే పర్మిషన్ డినైడ్ అని వచ్చింది. నెట్‌లో ఎక్కడో చూసి, సిస్టమ్ ప్రోగ్రాములుండే యూఎస్‌ఆర్ ఫోల్డర్ మొత్తానికీ పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్‌తో 777 పర్మిషన్ ఇచ్చేసింది. అంటే అందరూ అన్నీ చేయొచ్చని. ఆ క్షణం నుంచి, అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపించే సుడో పనిచేయడం మానేసింది. సుడో లేకుండా ఏ రిపేరూ చేయలేం. ఆ పిల్ల మొహం తెల్లబోయింది, "కంప్యూటర్ పాడుజేసినానక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏం పాడవలేదు, లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టమన్నాను. దాని మీద నుంచి టైమ్‌షిఫ్ట్ తెరిచి, మొన్నటి స్నాప్‌షాట్ ఎంచుకొని రిస్టోర్ నొక్కింది. అరగంటలో సిస్టమ్ మామూలుగా లేచింది.

ఆ తర్వాతే అసలు పాఠం చెప్పాను. సుడో ఫైల్ మీద సెట్‌యుఐడీ అనే ప్రత్యేకమైన గుర్తు ఒకటి ఉంటుంది, దాని బలంతోనే అది కాసేపు రూట్, అంటే అడ్మిన్, అధికారం ఇస్తుంది. ఆ అమ్మాయి ఇచ్చిన కమాండ్ ఆ గుర్తును చెరిపేసింది. ఎల్‌ఎస్ కమాండ్‌తో పర్మిషన్ల వరస తెప్పించి, ఆ గుర్తు ఉండాల్సిన చోట ఎస్ అక్షరాన్ని వేలు పెట్టి చూపించాను. ఆ రోజు రైలు తప్పిపోయినా బస్సుకు పోతానని ఇంకో గంట కూర్చుంది. ఇప్పుడు మా దగ్గర కొత్తవాళ్లకు పర్మిషన్ల పాఠం చెప్పేది ఆ అమ్మాయే.

టెర్మినల్‌కు రోజుకు అరగంట ఇవ్వండి. పీడబ్ల్యుడీ (ఏ ఫోల్డర్‌లో ఉన్నామో), ఎల్‌ఎస్ (అందులో ఏమున్నాయో), సీడీ (ఫోల్డర్ మారడం), సీపీ (కాపీ), ఎమ్‌వీ (జరపడం). ఈ ఐదూ మొదటి వారానికి చాలు. ఏ కమాండ్ కొట్టే ముందైనా మ్యాన్ అనే కమాండ్‌తో దాని వివరం చదవండి. నెట్‌లో కనిపించింది అర్థం కాకుండా అతికించొద్దు. ఎర్రర్ వస్తే టెర్మినల్ మూసేయకుండా ఆ వాక్యాన్ని నెమ్మదిగా, పదం పదం చదవండి. ఇంగ్లిష్ కష్టమైతే నోట్‌బుక్‌లో రాసుకొని అర్థం తెలుసుకోండి. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో లినక్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. మా పిల్లలు వాటిని ఆపుతూ, పక్కన టెర్మినల్‌లో చేస్తూ నేర్చుకుంటారు.

చంద్రగిరి అబ్బాయి లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, 1 టీబీ హెచ్‌డీడీ ఉన్నాయి. ఆ ఆదివారం నేను దాంట్లో ఏమీ వేయలేదు. ఫోటోలు మా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, వాళ్లమ్మతోనే నాలుగు తెరిపించి చూపించాను. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి ఇచ్చి పంపాను. బుధవారం ఫోన్ చేశాడు, వైఫై రాలేదని. ఫోన్ కేబుల్ సంగతి చెప్పాను. శుక్రవారం స్క్రీన్‌కు ఫోటో తీసి పంపాడు. తెలుగులో వాళ్లమ్మ పేరు రాసి ఉంది, ఒక ఒత్తు తప్పుగా.

రేపు వస్తున్నారు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనుక్కొని రమ్మన్నాను. దాంట్లో మింట్ వేస్తాం. పాత హార్డ్‌డిస్క్‌ను విండోస్‌తో, ఫోటోలతో ఉన్నది ఉన్నట్టుగా బయటికి తీసి, కవర్లో చుట్టి ఆమె చేతికే ఇస్తాను. అబ్బాయి కొత్తదాన్ని ఎన్నిసార్లు చెడగొట్టినా అది బీరువాలో ఉంటుంది.